ఎర్ర డబ్బా, నల్ల డబ్బా

ఒరేయ్ అల్లుడూ, ఆ డబ్బా ఏమిటిరా, పెళ్ళికూతురిలా ఎత్తుకొచ్చావు? మూత తీసి చూశావా, మీదున్న సింహం బొమ్మ చూసి కొనేశావా? ఇలా ఇవ్వు. మోటారు రంపానికి పోసే నూనెని రెండు వేళ్ళ మధ్య రుద్దితే జిగురులా తీగ సాగాలి. అప్పుడే తిరిగే చైనుని పట్టుకుని ఉంటుంది. ఇది నీళ్ళురా! "ఏ నూనైనా ఒకటే" అని మీ నాన్నే చెప్పుంటాడు. ఆయన్ని తిట్టకు. కూర్చో, చెబుతాను.

గాలివానకి రోడ్డు పొడుగునా చెట్లు కూలిన ఏడాది అది. ఏడు నెలలుగా మీ నాన్నకీ నాకూ పని లేదు. కాంట్రాక్టరు ఒకటే మాటన్నాడు: "రెండు రంపాలూ ఆడినన్నాళ్ళు పని మీదే. ఒకటి ఆగిందా, మర్నాడు వేరేవాళ్ళొస్తారు." మాకున్నవి రెండే రంపాలు. ఆయనదొకటి, నాదొకటి.

మీ నాన్న ఎర్ర డబ్బాలో ఖరీదైన నూనె తెచ్చుకున్నాడు. నా నల్ల డబ్బాలో లారీ షెడ్డువాళ్ళు పారబోసే కాలిన ఇంజను ఆయిలు. రంగుకి రెండూ నలుపే, వేలికే తేడా.

"ఒరేయ్, ఆ మడ్డిలో ఇనుప రజనుంటుంది. చైను పరిగెత్తే పట్టీని తినేస్తుందిరా!" అనేవాడు.

"రంపానికి నాలుకుందా బావా, రుచి చూడ్డానికి?" అనేవాణ్ణి.

కుక్క తోక వంకర కదా. ఓ సాయంత్రం రెండు డబ్బాల్లో సరుకూ తారుమారు చేశాను. ఆయన మడ్డిని మెచ్చుకుంటుంటే నలుగురిలో నవ్వుదామని. పొద్దున్నే ముందొచ్చి రెండు రంపాల్లోనూ నూనె నింపి ఉంచేది ఆయనే. చేతులకి తొడుగులు, వేలు తగలదు.

"బావా, నీ నూనెలా ఉంది?"

"బాగుందిరా. నీదో?" ముసిముసిగా నవ్వేవాడు.

"వెన్నపూసే!" పక్కకెళ్ళి పొట్ట పట్టుకుని నవ్వేవాణ్ణి.

పదమూడో రోజు పొగొచ్చింది. నా రంపంలోంచి! పట్టీ నీలం తిరిగింది, చైను బిగుసుకుంది, క్లచ్చు మాడిపోయింది. మెకానిక్కు చూసి, "పాతసామాన్లవాడికెయ్యి" అన్నాడు. మర్నాటికి వేరేవాళ్ళొచ్చారు.

మీ నాన్న దుంగ మీద కూలబడ్డాడు. "నేనే చంపానురా. నీ రంపం పాడైపోతుందని రోజూ నా ఎర్ర డబ్బాలోది దానికి పోశాను. నీ మడ్డి నేను పోసుకున్నాను. మంచి నూనె పోసింది చచ్చింది, మడ్డి తాగింది బతికింది. మంచి నూనె అన్నదే అబద్ధంరా!"

ఎర్ర డబ్బాలో మడ్డి పోసింది నేనేనని ఆయనకి చెప్పలేదు. ఆ రోజు నుంచి ఆయన ఊళ్ళో చిల్లర పనులకి వెళ్తూ తన రంపానికీ అసలైన మడ్డే పోశాడు. నెల తిరక్కుండా అదీ పోయింది. ఇప్పుడాయన అరుగు మీద, నేను ఈ బల్ల మీద. పిలిచేవాడు లేడు.

ఇందాక నీ డబ్బాలో వేలు పెట్టాను చూడు, ఆ పన్నెండు రోజుల్లో ఒక్కసారైనా నా రంపంలో పెట్టుంటే సరిపోయేది. పొట్ట చెక్కలయ్యేలా నేను నవ్వింది నా కూటి మీదేరా అల్లుడూ.