నాచు చాటు

"ఆ తొట్టిలో గడ్డి అంతా పీకెయ్. ఆదివారం మావాళ్ళొస్తున్నారు, చేపలు కనబడాలి కదా," అన్నాడు భర్త, సాక్సులు విప్పి అలవాటుగా సోఫా కిందకి తోస్తూ. ఆమె గిన్నెల దగ్గర్నుంచి తడిచేతుల్తోనే వచ్చి చూసింది. హాల్లో అక్వేరియం నీళ్ళ మీద ప్లాస్టిక్ సంచీ తేలుతోంది. అందులో అరచెయ్యంత ఏంజెల్ చేపలు రెండు.

ఆ తొట్టి పెళ్ళిరోజుకి ఆయన కొన్నదే. కొన్నది ఆయన, నీళ్ళు మార్చేది ఈమె. ఆ ఇంట్లో చాలా వస్తువులది ఇదే ఏర్పాటు. మొక్కలు నాటి, అవి వేళ్ళూనుకునేదాకా తొట్టి ఖాళీగా ఉంచి, ఏ చేపలతో రొయ్యలు బతుకుతాయో చెప్పమని దుకాణాయన బుర్ర తినేసింది ఆమె. "నోట్లో పట్టేదంతా చేపకి తిండేనమ్మా," అన్నాడాయన. "దానికి పగా ద్వేషం ఏముంటాయి? చిన్న నోటి చేపల్నే ఎంచుకోండి, నాచు దట్టంగా పెట్టండి." అలా తెచ్చుకుంది, వేలి గోరంత ఎర్ర టెట్రా చేపల్ని, ఎర్ర రొయ్యల్ని.

"ఇవి రొయ్యల్ని తినేస్తాయండీ," అంది.

"సర్దుకుంటాయిలే."

ఆ మాటకి ఒళ్ళు మండింది ఆమెకి. కాపురానికొచ్చిన కొత్తలో ఆఫీసు దూరమంటే ఇదే మాట. ఆడపడుచు కుటుంబం పడగ్గదిలో దిగి, ఈమె వేసవంతా హాల్లో పడుకున్నప్పుడూ ఇదే మాట. సర్దుకోవలసింది ఎవరో మాత్రం ఆయన ఎప్పుడూ చెప్పలేదు, ఆమె ఎప్పుడూ అడగలేదు.

టీవీ ముందు నుంచి లేచొచ్చిన అత్తగారు తొట్టి అద్దంలోంచి తొంగిచూసి, "నీ రొయ్యొకటి చచ్చినట్టుందే," అంది.

"చావలేదత్తయ్యా, పై పెంకు విడిచింది. కొత్తది గట్టిపడేదాకా ఒళ్ళంతా మెత్తగా ఉంటుంది. అందాకా నాచులో దాక్కుంటుంది."

"దానికేం, వంటా వార్పూ లేవు," అని అత్తగారు టీవీ వైపు తిరిగింది.

ఆమె అక్కడే నిలబడిపోయింది. దాక్కోవడానికి ఒక రొయ్యకున్నపాటి చోటు తనకి లేదు. పడగ్గది తలుపు దగ్గరగా వేస్తే, "ఏమైంది, ఎవరేమన్నారు?" అంటారు. స్నానానికెళ్తే ఆయన తలుపు తట్టి ఫోను చార్జరెక్కడని అడుగుతాడు. ఆఫీసులో లెక్కలన్నీ చూసేది ఈమే అయినా, బల్ల నడవలో వేశారు కాబట్టి వచ్చేపోయే ప్రతివాడూ మంచినీళ్ళడుగుతాడు. అందరికీ ఎప్పుడూ కనబడుతూనే ఉంటుంది. అలసటగా ఉందని మాత్రం ఎవరికీ కనబడదు. ఏడుపొస్తే ఉల్లిపాయలు తరిగే వేళదాకా ఆగాలి.

సంచీని ఆ తొట్టిలో విప్పలేదు ఆమె. చేపల్ని బకెట్లోకి వంచి, దుకాణానికి వెళ్ళి చిన్న తొట్టి ఒకటి కొనుక్కొచ్చింది. వంటింటి వెనక సామాన్ల గదిలో విరిగిన ఫ్యానూ, ఎవరూ వాడని పెట్టెలూ ఒక మూలకి నెట్టి, చోటు చేసి అక్కడ పెట్టింది. పాత తొట్టి నీళ్ళు సగం దాన్లోకి మార్చి, మొక్కల్నీ నాచునీ రొయ్యల్నీ టెట్రాల్నీ ఒక్కొక్కటిగా తరలించేసరికి నడుం పట్టేసింది. పెద్ద తొట్టికి కొత్త నీళ్ళు కలిపి ఏంజెల్ చేపల్ని వదిలింది. నున్నటి అద్దాల మధ్య అవి అందరికీ కనబడుతూ తిరిగాయి.

"ఇప్పుడు చూడు, ఎంత బాగుందో," అన్నాడు భర్త. ఆమెని మెచ్చుకున్నాననే అనుకున్నాడు.

మర్నాడు వడ్రంగి వచ్చాడు. సామాన్ల గది తలుపుకి లోపలివైపున ఇత్తడి గడియ బిగిస్తుంటే అత్తగారు లేచొచ్చింది.

"రొయ్యలకి గడియెందుకే? అవేమైనా పారిపోతాయా?"

"రొయ్యలకి కాదత్తయ్యా," అంది. వడ్రంగి వెళ్ళాక, కుర్చీ ఒకటి పట్టుకుని లోపలికెళ్ళి గడియ పెట్టుకుంది.