బొగ్గుబస్సు ఆగిన చోట

మొదటి గంట కొట్టేసరికి కామాక్షమ్మ శ్రుతిపెట్టె మీది గుడ్డ తీసి, దుమ్ము దులిపి, రెండుసార్లు గాలి కొట్టి చూసింది. ఆత్మకూరు ఆడపిల్లల హైస్కూల్లో ఇరవై ఆరేళ్లుగా ఆమె రోజు ఇలాగే మొదలవుతోంది. పెట్టె అసలు పిడి ఎప్పుడో ఊడిపోయింది. ఉదయగిరిలో చెక్కగరిటెలు చేసే షావలి ఓ గరిటె కాడ కోసి దానికి బిగించాడు. "వంటింట్లో ఉండాల్సింది పాటలోకి వచ్చినాది, పోనీలేమ్మా" అని నవ్వాడు ఆనాడు.

మనిషి పొట్టి. పెట్టె మోసి మోసి ఎడమ భుజం కిందికి వాలింది. ఏ చీర కట్టినా కుడి తొడ మీద రంగు ముందు వెలుస్తుంది. ఆదితాళం వేసి వేసి అలా అయిందని పిల్లలు వేళాకోళం చేస్తారు. అందులో అబద్ధమేమీ లేదు.

అది ఎనభై మూడు ఫిబ్రవరి నెలాఖరు. సర్కారు ఉన్నట్టుండి రిటైర్మెంటు వయసు యాభై అయిదుకు దించేసింది. కామాక్షమ్మకు అదే ఆఖరి రోజు.

"కొత్త మనిషిని ఎప్పుడేస్తారో ఎవురికెరుక టీచరమ్మా" అంది హెడ్మిస్ట్రెస్ సుబ్బరత్నమ్మ. "సంగీతం లోయరు పరీక్ష పాసైనోళ్లు సాయంత్రంలోగా వస్తే కమిటీ జీతం మీద పెట్టుకుంటా. లేదంటే ఆ పీరియడ్ లెక్కల మాస్టరుకే. ఆయన కాచుకోనుండాడు."

కామాక్షమ్మ ఎన్నో ఉత్తరాలు రాసింది. ఆమె దగ్గర సరళీ స్వరాలు మొదలుపెట్టిన పిల్లలు లోయరు, హయ్యరు పాసై, ట్రైనింగు ముగించి కావలిలో, గూడూరులో టీచర్లయ్యారు. వాళ్లకు ఇక్కడి చిల్లర జీతం ఎందుకు? ఒక్కరూ జవాబు రాయలేదు. పీరియడ్ పోతే ఆ గదిలో ఇక పాట ఉండదు.

దానికి తోడు పాత సిగ్గొకటి. ఉదయగిరిలో గురువు నారాయణయ్యగారి ఇల్లు రోడ్డు వారనే. యుద్ధకాలంలో పెట్రోలు దొరక్క, బొగ్గు కాల్చిన గ్యాసుతో నడిచే బొగ్గుబస్సులు తిరిగేవి. పొద్దున మోహన వర్ణం చరణంలోకి వచ్చేసరికి నెల్లూరు బస్సు ఆయాసపడుతూ ఇంటి ముందుకొచ్చేది. ఏమీ వినపడేది కాదు. ఆయన చెయ్యెత్తేవారు. పాట ఆపి, తాళం మాత్రం వేస్తూ ఎనిమిది లెక్కలు కాచుకోవాలి. బస్సు దాటాక మళ్లీ ఎత్తుకోవాలి. పుట్టుకతో వచ్చింది పుడకలతో గానీ పోదంటారు. చిన్నప్పుడు పట్టిన తాళమూ అంతే. హయ్యరు పరీక్షలో ఆమె అక్కడే ఆగింది. "ఏమమ్మా, మరిచిపోయావా?" అన్నాడు పరీక్షాధికారి. పాసైతే అయింది గానీ ఆ తప్పు దిద్దుకోవడం ఆమె వల్ల కాలేదు. పిల్లలకు నేర్పేటప్పుడు కూడా చెయ్యి దానంతటదే ఆగిపోయేది. తనది సగం చదువేనని కామాక్షమ్మ నమ్మకం.

ఆఖరి పీరియడ్‌లో చెప్పులు చేతపట్టుకుని ఓ అమ్మాయి గుమ్మంలో నిలబడింది.

"నా పేరు బషీరున్నీసా. వింజమూరు నుంచి వచ్చినాను. దారిలో బస్సు టైరు పోయినాది టీచరమ్మా. లోయరు పాసైనాను, హయ్యరు మేలో ఉండాది."

"నీకెవురమ్మా నేర్పింది?"

"మా ఊరి టీచరు. ఆమె కావలిలో ఆదిశేషమ్మగారి దగ్గర నేర్చుకున్నాదంట. మీ ఉత్తరం సంగతి ఆమే చెప్పి పంపినాది."

ఆదిశేషమ్మ కామాక్షమ్మ మొదటి బ్యాచి పిల్ల.

"ఏదీ, మోహన వర్ణం పాడు."

కామాక్షమ్మ గాలి కొట్టింది. బషీరున్నీసా గొంతు తేటగా ఉంది. పల్లవి, అనుపల్లవి దాటి చరణం ఎత్తుకుంది. ఉన్నట్టుండి ఆగింది. చెయ్యి మాత్రం తాళం వేస్తోంది. ఒకటి, రెండు, మూడు... ఎనిమిది లెక్కలూ అయ్యాక పాట మళ్లీ సాగింది.

కామాక్షమ్మకు ఒళ్లు జలదరించింది. నారాయణయ్యగారు పోయి ముప్పై ఏళ్లు. ఆ ఇల్లు కూలిపోయింది, బొగ్గుబస్సులు తుక్కయిపోయాయి. ఇరవై రెండేళ్ల ఈ పిల్ల, ఆ రోడ్డు ఎరగని పిల్ల, గురువుగారి గుమ్మం ముందు బస్సు దాటేదాకా నిలబడింది! ఎక్కడి ఉదయగిరి, ఎక్కడి గొంతు. తనదంటూ ఏం మిగిలిందని ఇన్నాళ్లూ కుమిలింది. ఆమె కళ్లనీళ్లు తుడుచుకోలేదు.

"అక్కడెందుకు ఆగినావమ్మా?"

"అదేంది టీచరమ్మా, ఆగాల గదా! ఆగకుంటే మా టీచరు వీపు మీద ఒకటేసేది."

కామాక్షమ్మ నవ్వి, బస్సు సంగతంతా చెప్పింది. "అది తప్పే తల్లీ. పరీక్షలో ఆగబాక, మార్కులు పోతాయి. ఇంట్లో పాడుకునేటప్పుడు నీ ఇష్టం."

బషీరున్నీసా అడక్కుండానే చరణం మళ్లీ ఎత్తుకుంది. ఆ చోట ఆగింది. ఈసారి ఇద్దరి చేతులూ కలిసి ఎనిమిది లెక్కలు వేశాయి.

సుబ్బరత్నమ్మ గుమ్మంలో నిలబడి అంతా విన్నది. "రేప్పొద్దున్నే వచ్చేయమ్మా, పీరియడ్ నీదే" అని వెళ్లిపోయింది.

కామాక్షమ్మ పూలదండ వద్దంది. గది తాళంచెవి బషీరున్నీసా చేతిలో పెట్టి, ఖాళీ చేతులతో ఉదయగిరి బస్సెక్కింది. బల్ల మీద శ్రుతిపెట్టె ఉంది. దాని గరిటె కాడ పిడి మీద, ఆమె బొటనవేలు అరగదీసిన చిన్న గుంట ఉంది.