పావు తక్కువ రెండు

అహ్మద్ పాషా టేపు కొసను పిడికిట్లో బిగించి, గిరాకీ నడుము పక్కన ఆనించి, మడమ దాకా జారవిడిచాడు. నలభై రెండూ పావు అంగుళాలు. పెదవి కదపకుండా లోపలే లెక్క వేసుకున్నాడు. పావులోంచి ముప్పావు పోదు. అందుకని రెండు తీసేసి పావు కలిపాడు. నలభైన్నర.

టేపు వాళ్ల నాన్నది. ఎన్నడో ఇస్త్రీపెట్టె కింద పడి మొదలు కాలిపోయింది. ఇప్పుడది ఒకటీ ముప్పావు దగ్గర మొదలవుతుంది. కొత్తది కొంటే పోయేదానికి, కొలత తీసిన ప్రతిసారీ పావు తక్కువ రెండు తీసేయడం పాషాకు ఊపిరి పీల్చినంత అలవాటైపోయింది. గుడ్డ మీద గీతలకు చెక్క స్కేలు ఉండనే ఉంది. కాలిన కొస జనం చూస్తే కొలతనే నమ్మరని దాన్ని పిడికిట్లో దాస్తాడు. చివర పోగులూడకుండా తనే దారం చుట్టాడు, ఆ ముడి బొటనవేలికి తగిలితే చాలు, కంటితో చూడడు. చూసినా ఆ కళ్లకు పెద్దగా ఆనదు.

ఈ తీసివేత సంగతి లోకంలో ఇంకెవరికీ తెలియదు. తన దగ్గరే పనంతా నేర్చుకున్న వసీం ఈ ఏన్కూరులోనే తన దర్జీ కొట్టుకు ఎదురుగా ఇంకో కొట్టు పెట్టాక పాషా ఎవరికీ ఏదీ చెప్పడం మానేశాడు. రెండో మిషన్ మీద కూర్చునే జంపక్కకు కూడా.

జంపక్కది అడవి అంచు పల్లె. మొగుడు చనిపోయిన ఏడు పనికి చేరింది, జుట్టు ఇక్కడే నెరిసింది. ముంజేతుల మీద పచ్చబొట్లు, ముక్కు మీదికి జారే కళ్లద్దాలు. అతుకులు, కాజాలు, ప్యాంటు కింది మడతలు ఆమెవి. కొలతలూ కటింగూ పాషావి. ఇన్నేళ్లయినా, పొద్దున తెచ్చిన ఆమె సంచీ సాయంత్రానికి బరువెక్కిందేమోనని పాషా కళ్లతోనే తూస్తాడు. అది ఎప్పుడూ బరువెక్కలేదు. దాంతో అతని అనుమానం ఇంకా పెరిగింది.

ఈ మధ్య ఆ అనుమానానికి తిండి దొరికింది. తను కంటి దవాఖానాకని ఖమ్మం పోయొచ్చిన దగ్గర్నుంచి కుట్టిన బట్టలన్నీ తిరిగొస్తున్నాయి. పొట్టిగా ఉన్నాయనేవాళ్లు, బిగుతనేవాళ్లు. జంపక్క అక్క కూతురు దుర్గ పల్లెలో మిషన్ కొన్నదని ఎవరో చెప్పారు. ఇంకేం, పాషాకు అంతా అర్థమైపోయింది. తన పేరు చెడగొట్టి గిరాకీని అటు మళ్లిస్తోంది.

మధ్యాహ్నం దస్రు వచ్చాడు. సత్తుపల్లి గనిలో పని, కొత్త గిరాకీ. కొత్త ప్యాంటు తొడుక్కునే వచ్చి, కాళ్లు చూపించాడు. చీలమండలు బయట ఉన్నాయి.

"పెండ్లికి పోవాలె భాయ్. గిట్లెట్ల పోత?"

సాయంత్రానికి సరిచేస్తానని చెప్పి, అతను వెంట తెచ్చుకున్న పాతది తొడుక్కుని వెళ్లాక పాషా ఆ ప్యాంటును బల్ల మీద పరిచి టేపు పెట్టాడు. ముప్పై ఎనిమిదీ ముప్పావు. పావు తక్కువ రెండు తీసేస్తే ముప్పై ఏడు. తను కొలిచి కత్తిరించిందేమో ముప్పై ఎనిమిదీ ముప్పావుకు. తేడా కచ్చితంగా పావు తక్కువ రెండు. అంత గుడ్డ మడతలోకి పోయింది. దొంగ దొరికినట్టే అనుకున్నాడు. దొరికినందుకు సంతోషం కూడా కలిగింది.

"మడతల ఎంత మింగినవ్ జంపక్కా?"

ఆమె మిషన్ ఆపింది. "ఎప్పటి లెక్కనే మడిచిన భాయ్. ఇప్పి చూడు."

"ఇప్పుడెందుకు? టేపు చెప్తాంది. దుర్గకు గిరాకీ కావాల్నంటే నన్నడుగు. గిట్ల చేసుడెందుకు?"

 జంపక్క కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. మిషన్‌లోని చొక్కా చెయ్యి అతుకు పూర్తి చేసి, దారం తెంపి, మడిచి బల్ల మీద పెట్టింది. సంచీ తీసి అతని ముందు బోర్లించింది. రొట్టె డబ్బా, నీళ్ల సీసా పడ్డాయి. మళ్లీ సర్దుకుంది.

"పోయొస్త భాయ్," అంది, రోజూ అన్నట్టే. అడవి వైపు బస్సు వచ్చి ఆగింది, ఆమెను ఎక్కించుకుని పోయింది.

మడత విప్పడం పాషా వంతయింది. విప్పాడు. లోపల ఎప్పటి మడతే, నూలుపోగంత కూడా ఎక్కువ లేదు.  చెక్క స్కేలు తీసి ప్యాంటు పొడవు కొలిచాడు. ముప్పై ఎనిమిదీ ముప్పావు. చెక్క ఒకటి చెబుతోంది, తన టేపు లెక్క ఇంకొకటి.

పిడికిలి విప్పి, టేపు కొసను మొదటిసారి కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. కాలిన చోట ఓ ముక్క అతికి ఉంది. అంకె ఒకటి, దాని పక్కన పావు, అర, ముప్పావు గీతలు. కొత్త చివరకు తన పాత దారం ముడే మళ్లీ చుట్టి ఉంది. అతుకు మీద ఎర్ర దారం, చీమ కాళ్లంత సన్నటి కుట్లు. ఆ కుట్టు చేతిరాతలా గుర్తుపడతాడు. తను ఖమ్మంలో ఉన్న రోజు కుట్టి ఉంటుంది. చేతిలో రోజంతా ఉండేదే కదా, చూసుకుంటాడులే అనుకుని ఉంటుంది. పూర్తిగా ఉన్న టేపులోంచి తను రోజూ పావు తక్కువ రెండు తీసేస్తూ వచ్చాడు.

 షట్టర్ సగం దించి రోడ్డు మీదికి వెళ్లాడు. బస్సు లేపిన దుమ్ము కూడా అణిగిపోయింది. పొద్దున్నే ఆమె ఊరికి పోవాలనుకున్నాడు. 

తిరిగొచ్చి, లైటు తీసేద్దామని రెండో మిషన్ వైపు చూశాడు. మేకుకు జంపక్క టేపు వేలాడుతోంది. కత్తెరతో నీటుగా కత్తిరించిన దాని కొస, ఒకటీ ముప్పావు దగ్గర మొదలవుతోంది.