తోలు పువ్వు

మా ఆయన ఇస్మాయిల్ అచ్చంపేటలో మంచాలు, దర్వాజాలు చేసి బతికినవాడు. హైదరాబాదులో పాతకాలపు సంగీతం వాయించే ప్రశాంత్ సారు ఒకరోజు ఫోటోలు తెచ్చి, ఐదు వందల ఏళ్ల కిందట యూరప్‌లో వాయించిన గిటారు ఒకటి అచ్చం అలాగే చేసిపెట్టమన్నాడు. ఇంకేముంది, మనిషికి పిచ్చి పట్టింది. చంకలో ఇమిడే ఆ గిటారు కోసం నేను కూర్చునే పీటను కూడా చెక్కేశాడు.

దాని నడుమ ఉండే గుండ్రటి రంధ్రానికి తోలుతో కత్తిరించిన పువ్వు అమర్చాలట. బక్రీదుకు తను పెంచిన మేకపోతును కోస్తే మా కూతురు సిద్రా అన్నం ముట్టలేదు. తర్వాత తనే వచ్చి, దాని తోలు గిటారులో పెడదామని అడిగింది. ఏటా తోలంతా మదర్సాకే ఇస్తాం. ఈసారి ఒక ముక్క ఉంచుకున్నాం. పువ్వును బ్లేడుతో పిల్లే కోసింది.

తీగలు బిగించి గిటారును గోడకు తగిలించాక, సిద్రా బడి నుంచి రాగానే సంచి పారేసి ముందు ఒక తీగ మీటేది. రంపం ఆపకుండానే ఆయన, "వచ్చినవా బేటీ?" అనేవాడు. వానాకాలంలో జ్వరం వచ్చింది. దవాఖానకు తీసుకుపోయిన నా పిల్ల మళ్లీ ఇంటికి రాలేదు.

నిన్న గిటారు కోసం ప్రశాంత్ సారు వచ్చాడు. నా బిడ్డ చేతి పువ్వును నేనెందుకు ఇస్తాను?

"గా పువ్వు బక్రీదు ఖుర్బానీ తోలుది సార్. పైసలకు అమ్మితే గునా అయితది," అన్నాను. అబద్ధమేం కాదు, అది పాపమనే నియమం మాలో ఉంది. సారు సరేనని లేచాడు. నాకు ప్రాణం కుదుటపడింది.

"అమ్మను సార్. ఊరికెనే ఇస్త, తీస్కపోండ్రి," అన్నాడు ఇస్మాయిల్.

సారు ముందే ఆయన మీద పడ్డాను. "నీకు దిల్ ఉన్నదా? పోరి చేతి పువ్వు గది."

ఆయన తల ఎత్తలేదు. "గాలికి గా గిటారు మోగినప్పుడల్లా సిద్రా వచ్చిందనుకుంట. లేసి చూస్త. ఇంగ నాతోని కాదు, ఖతీజా."

ప్రశాంత్ సారు ఏడుస్తూనే గిటారును గుడ్డలో చుట్టుకుని పోయాడు. నేను ఇస్మాయిల్‌కు అన్నం పెట్టలేదు, మాట్లాడలేదు.

సాయంత్రం బడి వదిలే వేళయింది. గోడకు మేకు ఒక్కటే ఉంది. ఏదీ మోగలేదు. అయినా ఆయన రంపం ఆపి, దర్వాజ వైపు తిరిగి, "వచ్చినవా బేటీ?" అన్నాడు.

నేను లేచి వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను.