డీజిల్‌ల కడిగిన రబ్బర్లు

మున్వర్‌కు పెండ్లాం కంటే లారీనే ఎక్కువని టేకులపల్లిల అందరికీ ఎరుకే. ముప్పై ఏండ్ల నాటి బండి. దానికి ఏం రోగమొచ్చినా షెడ్డుకు కొంచపోడు, ఇంటి ముంగట రేకుల కింద తనే విప్పుతడు, తనే బిగిస్తడు. సామాన్లు కడిగే పని మాత్రం భార్య జహీరాది. విప్పిందల్లా తెచ్చి ముందర పడేస్తే, బేసిన్ల డీజిల్ పోసి బ్రష్షుతోని రుద్ది గోనె మీద ఆరబెడుతది. ఇన్నేండ్లల్ల మంచిగ కడిగినవన్న మాట ఒక్కనాడు ఆ మనిషి నోట రాలె. తప్పు పట్టాలంటే మాత్రం ముందుంటడు.

నిన్న బ్రేకు సరిగ పడుతలేదని మాస్టర్ సిలిండర్ విప్పిండు. పెడల్ తొక్కితే బ్రేకాయిల్‌ను చక్రాలకు నూకేది అదే. లోపలి రబ్బర్లు అరిగినయని కొత్తగూడెం పోయి కొత్తవి తెచ్చి, పీట మీద పెట్టి నమాజుకు పోయిండు. కోడి తన్నిందో ఏమో, అవి మట్టిల పడ్డయ్. ఆయనొస్తే మళ్ళ నన్నే అంటడనుకొని జహీరా వాటిని కూడ డీజిల్‌ల కడిగి, తుడిచి, ఉన్నకాడనే పెట్టింది.

బిగించినంక పైపులల్ల గాలి తీయాలె. దానికి ఇద్దరు గావాలె. జహీరా క్యాబిన్ల కూసొని పెడల్ తొక్కి పడుతది, మున్వర్ బండి కింద పండుకొని చక్రం కాడ నట్టు వదులు చేస్తడు.

"తొక్కు. పట్టు. ఇడువు."

అంతా అయినంక ఆమె ఊకెనే పెడల్ మీద కాలు పెట్టి ఉంచింది. గట్టిగ ఉన్న పెడల్ మెల్లమెల్లగ కిందికి దిగబట్టింది.

"మొహసిన్ అబ్బా, పెడల్ దిగుతున్నది" అన్నది. పెద్దకొడుకు పేరు పెట్టే ఆయన్ను పిలుస్తది.

"ఎక్కడన్న కారుతున్నదా? చుక్క లేదు. నీకెందుకు గివన్నీ?" మున్వర్ చేతులు తుడుచుకుంట లేచిండు. "నేను బ్రేకాయిల్ పూసే బిగించిన. కొత్త రబ్బరుకు బ్రేకాయిల్ తప్ప ఏం తగలొద్దు. డీజిల్ తగిలితే ఉబ్బి పాడైతది. గా పట్టింపు లేకనే కొందరు జనాల పానాలు తీస్తున్నరు."

జహీరాకు తను కడిగిన రబ్బర్లు యాదికొచ్చినయ్. పోయిన వారం బండి తొవ్వల ఆగిపోతే అందుల మిరప చేన్లకు పోయే కూలోళ్ళ మేస్త్రి నాగక్క చెప్పనే చెప్పింది, ఇంకోపారి గిట్లయితే వేరే బండి మాట్లాడుకుంట సాయిబూ అని. ఇప్పుడు నోరిప్పితే రేపు బండి కదలదు, మిరప సీజనంతా చేజారిపోతది. కొంచెమే గద తగిలింది, ఏం గాదులే అని తనకు తనే సర్దిచెప్పుకున్నది. భయమైన మనిషికి గసొంటి తెలివే పుడుతది, ఏం జేస్తం.

తెల్లారి వేంసూరు దిక్కు మిరప చేన్లకు పోనీకి కోయ కూలోళ్ళు సద్దిగిన్నెలతోని వచ్చిండ్రు. పద్దెనిమిది మంది. నాగక్క మనుమరాలు పుష్పలతకు ఆరేండ్లు గూడ నిండలె. దాన్ని జహీరానే ఎత్తి లారీల కూసోబెట్టింది. పిల్ల తన మెడ ఇడువకపోతే నవ్వింది గూడ. ఎట్ల నవ్వబుద్ధయిందో జహీరాకే తెల్వాలె.

మున్వర్ గేరేసిండు. అప్పుడు జహీరా ఉరికింది. ఉరికి బండి ముంగట నిలబడ్డది.

"ఆపు. రబ్బర్లు మట్టిల పడితే నేనే డీజిల్‌ల కడిగిన. బ్రేకును నమ్మొద్దు."

మున్వర్ ఇంజన్ బంద్ చేసిండు. తిడుతడనుకున్నది గని తిట్టలె. పెడల్ మీద కాలు పెట్టి అట్లనే కూసున్నడు. కాలు నిమ్మళంగ దిగి అడుక్కు పోయింది.

"నిన్ననే చెప్పింది, దిగుతున్నదని" అన్నడు నాగక్కతోని. "నేనే ఇనలె."

నాగక్క తమ కోయ మాటల ఏదో అన్నది. ఒక్కొక్కలు దిగిండ్రు. ఆఖరికి పిల్లను దింపబోతే జహీరా చేతులు చాపింది. నాగక్క ఇయ్యలె, తనే దింపుకున్నది.

"రబ్బర్లు పాడైతయని నీకెప్పుడు తెల్సింది, జహీరమ్మా?"

"నిన్న పొద్దుగూకినంక."

"అంటే ఇందాక దీన్ని ఎత్తి కూసోబెట్టినప్పుడు తెల్సు."

అబద్ధమాడితే ఆ ఒక్క మాటతోని గట్టెక్కేది. జహీరాకు ఆ మాట రాలె.

"అవ్. తెల్సు."

నాగక్క పిల్లను సంకనేసుకొని రోడ్డు దిక్కు నడిచింది, కూలోళ్ళు ఆమె ఎంబడి పోయిండ్రు. పుష్పలత ఒక్కతే అవ్వ భుజం మీంచి వెనక్కి చూసి చెయ్యి ఊపింది. జహీరాకు చెయ్యి లేవలె.