కాళ్ళు చూసిన స్టూలు

బావకి కళ్ళు కనిపిస్తున్నాయి. నాటకమాడుతున్నాడు. ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరుని నెల రోజులుగా ఈ అనుమానమే తొలిచేస్తోంది.

ఇద్దరూ పనిచేసేది ఒకే గోదాంలో. నెల కిందట ఒకరోజు పొద్దున మాటా మాటా అనుకున్నారు. ఆ మధ్యాహ్నం డ్రైవరు తోలే సరుకులెత్తే బండి మీంచి పెట్టెలు జారి బావ తల మీద పడ్డాయి. చూపు పోయింది. కళ్ళకేం కాలేదు, మెదడులో చూపుకి సంబంధించిన చోటు దెబ్బతిందన్నాడు డాక్టరు.

రేపు విచారణ. “బావని చూడనేలేదు” అని డ్రైవరు మొదటినుంచీ ఒకటే మాట. కానీ నేల మీద బ్రేకు గీతలు బావ నిలబడ్డ చోటికి పదడుగుల ముందే మొదలయ్యాయి.

“చూడకుండానే తొక్కావా? బెదిరిద్దామని మీదికి తోలావు, అంతేగా?” అన్నాడు సూపర్‌వైజరు.

లైసెన్సు పోతే వీధిన పడ్డట్టే. బావ దొంగ గుడ్డివాడని తేలితే గండం గడుస్తుంది.

అందుకే అక్క వంటింట్లో ఉండగా చప్పుడు చెయ్యకుండా నడవలో స్టూలు పెట్టి, ఫోన్లో వీడియో ఆన్ చేశాడు. బావ గదిలోంచి వచ్చాడు. స్టూలు దగ్గర నడుము కాస్త ఒరిగింది, కుడికాలు పక్కకి పడింది. దాటేశాడు.

“దొరికావు బావా.”

“ఏం దొరికాన్రా?”

“స్టూలు తప్పించుకుని వచ్చావు.”

“ఏ స్టూలు? తిన్నగానే వచ్చాను కదా.”

అక్క గరిటెతోనే వచ్చి వీడియో చూసింది. మొహం మాడిపోయింది. “నెల రోజులుగా చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాను మిమ్మల్ని. ఏదీ, మళ్ళీ నడవండి. ఎదురుగా స్టూలుంది, చెప్తున్నాను.”

బావ చేతులు చాచి, అడుగులో అడుగేసుకుంటూ వచ్చి, నేరుగా స్టూలుకే కొట్టుకున్నాడు.

“అబ్బో, నటన,” అన్నాడు డ్రైవరు.

బావ మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు. “ఇందాక నిజంగా తప్పుకున్నానా? నాకు తెలియకుండా నా కాళ్ళకి ఎవర్రా చెప్పింది?”

సూపర్‌వైజరు డ్రైవరుని అడిగిందీ ఇదే కదా, చూడకుండా కాలు బ్రేకెలా తొక్కిందని. బావ అబద్ధాలకోరైతే తనూ అంతే.

“రేపు విచారణకి నాతో రా బావా. వాళ్ళ ముందే స్టూలు వేస్తాను.”

“వస్తాను. కానీ చెప్పకుండా వెయ్యి బామ్మర్దీ. చెప్తే తగులుతుంది.”

అక్క ఫక్కున నవ్వింది. డ్రైవరుకి మాత్రం నవ్వు రాలేదు. ఆ మధ్యాహ్నం బావని తను చూశాడా, లేదా? బ్రేకు తొక్కిన కుడికాలి వైపు అనుమానంగా చూసుకున్నాడు.