కాంతమ్మత్త సద్దిమూత

స్వరూప నర్సరీ పెట్టి నిలదొక్కుకున్నాక ఊళ్లో ఎవరూ కుళ్లుకోలేదు. కుళ్లుకున్నా బాగుండేది. కుళ్లుకునేవాళ్లు కనీసం పని మానుకుని వచ్చి తొంగి చూస్తారు, ఏదో వంక పెడతారు, ఆ వంక మీద నాలుగు మాటలు నడుస్తాయి. వీళ్లు అలా చేయలేదు. మర్యాద ఇచ్చారు. మర్యాద ఇచ్చి, మెల్లగా పక్కకు జరిగిపోయారు.

ఖిల్లా ఘణపూర్ నుంచి వనపర్తి పోయే దారిలో, వాళ్ల ఊరు దాటగానే ఎడమ పక్కన ఆకుపచ్చ షేడ్ నెట్ కనిపిస్తుంది. అదే స్వరూప నర్సరీ. లోపల ట్రేలలో మిరప, టమాట, వంగ నారు పెరుగుతుంటుంది. మహిళా సంఘం వాళ్లు శిక్షణ ఇప్పించి, మొదటి పెట్టుబడికి దారి చూపిస్తే మొదలుపెట్టింది. వానాకాలంలో మిరప నారు కోసం అలంపూర్ నుంచి కూడా బళ్లు వస్తాయి. ఇంటి మీద రేకులు పోయి స్లాబు పడింది. కూతురు వర్ష వనపర్తి గురుకులంలో చదువుతోంది. మొగుడు ప్రేమ్ కుమార్ పుణెలో క్రేన్ నడుపుతాడు, రోజూ సాయంత్రం ఫోన్ చేస్తాడు. చెప్పుకోవాలంటే లోటేమీ లేదు. చెప్పుకోవడానికి పగలంతా పక్కన మనిషే లేదు. ఆ నెట్ కింద ఆమె, నారు, నీళ్ల పైపు, అంతే.

నర్సరీకి ముందు స్వరూప, ఊరి వరుసకు అత్తయ్యే కాంతమ్మ గుంపులో కూలికి పోయేది. కాంతమ్మకు, ఆమె మొగుడు బుచ్చన్నకు కొద్దిగా సొంత చేను ఉంది కానీ అది తిండికి చాలేది కాదు. కాంతమ్మ గుంపును కూడగట్టి కలుపులకు, నాట్లకు, పత్తి ఏరడానికి తీసుకుపోయేది. చేలో ఒక్కొక్కరికి ఒక్కో పట్టీ పంచుకుంటారు, దాన్ని మునుం అంటారు. గుంపులో అందరికంటే వెనక పడేది స్వరూపే. ముందు తమ మునుం ముగించుకున్న వాళ్లు ఊరికే కూర్చోకూడదు, వెనకబడ్డవాళ్ల మునుం అవతలి చివర నుంచి పని చేసుకుంటూ ఎదురు రావాలి. స్వరూపకు ఎప్పుడూ కాంతమ్మే ఎదురు వచ్చేది. ఊరికే వచ్చేది కాదు, తిడుతూ వచ్చేది.

"ఏమే, చేనుకొచ్చినవా, పెండ్లికొచ్చినవా? గా నడుము వంగదా నీకు?"

గుంపు గుంపంతా నవ్వేది. తిట్లు తింటూనే స్వరూప కూడా నవ్వేది.

మధ్యాహ్నం సద్దులు విప్పుకోవడం ఇంకో సంబరం. ఎవరి కూర వాళ్లు తినరు. టిఫిన్ మూతలో కూర వేసి పక్కవాళ్లకు ఇస్తారు. ఆ మూత ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు, తన కూర అందులో వేసి ఇవ్వాలి. తన కూర అయిపోతే మూత ఇంటికి తీసుకుపోయి, మర్నాడు ఏదో ఒకటి వేసి తేవాలి. అలా ఒకరి మూతలు ఒకరి ఇళ్లలో తిరుగుతుండేవి. స్వరూప పుంటికూర, అదే గోంగూర, బాగానే వండుతుంది కానీ ఆమె చేతికి ఉప్పు కొలత తెలియదు.

"పుంటికూరల ఉప్పేసినవా, ఉప్పుల పుంటికూరేసినవా?" అని అడిగేది హెప్సిబా. ఆమె స్వరూప ఈడుది. చర్చిలో పాటలు పాడే గొంతు కాబట్టి ఆ మాట పక్క చేలకు కూడా వినిపించేది. అంత మాట అని, మూత నాకినట్టు తినేది.

ఇక తప్పు ఎక్కడ జరిగిందో చెబుతాను. కిందటి ఆషాఢంలో మిరప నారుకు పెద్ద ఆర్డరు వచ్చింది. ట్రేలు నింపి, గుంట గుంటకూ ఒక్కో గింజ వేయాలి. స్వరూప ఒక్కదానితో అయ్యే పని కాదు. గుంపును బదులు పనికి పిలిచింది. బదులు పనిలో కూలి ఉండదు. ఈ రోజు నువ్వు నా దగ్గర చేస్తే, నీకు అవసరమైన రోజు నేను వచ్చి నీ దగ్గర చేస్తాను. అందరూ వచ్చారు. చెప్పులతోనే లోపలికి జొరబడ్డారు. షేడ్ నెట్ కింద కూర్చుని, "స్వరూప దుకాణంల నీడ మంచిగున్నదే, ఈడనే పండుకుందమా?" అని ఆట పట్టిస్తూ సాయంత్రానికి పని తేల్చేశారు.

తర్వాత కాంతమ్మ మడిలో వరినాట్లు వచ్చాయి. "ఎల్లుండి నువ్ రావాలె" అని చెప్పి పోయింది. అప్పటికి మిరప నారు లేత మీద ఉంది. మధ్యాహ్నం ఒక తడి తప్పితే తల వాలుస్తుంది. స్వరూప ఆలోచించింది. పక్క తండా నుంచి ఒక కూలి మనిషిని మాట్లాడి, తన తరపున కాంతమ్మ మడికి పంపింది. మనిషి వచ్చింది, మనిషి పోయింది, సరిపోయింది అనుకుంది. ఆ కూలి మనిషి స్వరూప కంటే వేగంగానే నాటింది కూడా.

కానీ బదులు అంటే రెండు చేతులు కాదు. కాంతమ్మ ఎండలో వచ్చి స్వరూప ముందు కూర్చుంది, స్వరూప పోయి కాంతమ్మ పక్కన వంగాలి. కూలిని పంపిందంటే, మీరు చేసింది కూడా కూలే అన్నట్టు. ఇది ఎవరూ నోటితో చెప్పరు, చిన్నప్పటి నుంచి ఆ గుంపుల్లో పెరిగిన స్వరూపకూ ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా ఆ రోజు ఆమెకు తట్టలేదు. నారు మీద ఉన్న ధ్యాస అలాంటిది. నారు ఎండిపోనిచ్చి నాట్లకు పోవలసిందని నేను అనను. కనీసం ముందు రోజు కాంతమ్మ గడప తొక్కి, గిట్ల ఉన్నదత్తా అని ఒక మాట అనవలసింది.

కాంతమ్మ తిట్టడానికి కూడా రాలేదు. ఆ కూలి మనిషికి అన్నం కూడా పెట్టి పంపింది. తర్వాత పత్తి ఏరే రోజులు వచ్చి పోయాయి. స్వరూపను ఎవరూ పిలవలేదు. పొద్దున్నే గుంపు నర్సరీ ముందు నుంచే ఆటోలో పోయేది. "బాగున్నవా స్వరూపమ్మా?" అని ఎవరో ఒకరు అడిగేవాళ్లు. వాళ్ల నోట అంతకుముందు ఆమె పేరు చివర అమ్మ ఎప్పుడూ లేదు. "బాగున్న" అనేది. ఆటో పోయేది.

మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు స్వరూప ఫోన్‌ను ట్రేలకు ఆనించి వంటల వీడియో పెట్టుకునేది. ఎవరో ఒకావిడ గలగలా మాట్లాడుతూ కూర వండుతుంటే, ఆ గొంతు వింటూ తినేది. ఒకరోజు "ఉప్పు జర సూసి వెయ్యక్కా" అని ఫోన్‌కు చెప్పింది. చెప్పినాక తనకే సిగ్గేసి, వీడియో ఆపేసింది. ఆపితే ఇంకా బాగాలేదు. మళ్లీ పెట్టుకుంది.

మాఘమాసంలో కాంతమ్మ టమాట నారు కోసం వచ్చింది. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చింది. ఆ విడిచిన చెప్పులు చూసి స్వరూప నీళ్ల పైపు కింద పడేసి ఎదురు పోయింది.

"చెప్పులేసుకోని రా అత్తా, ఇదేమన్న గుడా?"

"ఎందుకులే అమ్మా, నారు లేతగున్నది."

స్వరూప మంచి ట్రే చూసి ఇచ్చింది. ఇంకేం మాట్లాడాలో తెలియక, "పల్లి పీకుడు ఎప్పుడు మొదలువెడ్తున్నరు?" అని అడిగింది.

"రేపే."

స్వరూప ఆగింది. రమ్మనే మాట కోసం కాంతమ్మ మొహంలోకి చూసింది. కాంతమ్మ ట్రే సర్దుకుంటూ, "నీకు పనుంటది గదమ్మా. పోత మరి" అని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ప్రేమ్ కుమార్ ఫోన్ చేస్తే, రేపు కాంతమ్మత్త చేనుకు పోతున్నానని చెప్పింది.

"పిలిచిండ్రా?"

"లేదు."

"పిలువంది ఎందుకు పోతవ్? రేపు సాయంత్రం గద్వాల నుంచి నారుకు బండొస్తది గద. పగటాల నీళ్లెవరు కొడ్తరు?"

"పల్లి పీకే దినాలల్ల నారుకు నీళ్లు కొట్ట తెలిసిన మనిషెవరు దొరుకుతరు? పొద్దుగాల బాగ తడిపి పోత."

"సాయంత్రందాక ఆగదే గా తడి. గంత పోవాలంటే పక్కూర్ల ఎవరినన్న మాట్లాడి పంపరాదు కాంతమ్మ చేనుకు?"

"ఒకపారి పంపే గిట్లయింది" అంది స్వరూప. "నేను ఎవలతోని మాట్లాడి ఎన్ని దినాలైందో నీకు తెల్వదు."

పుణెలో నలుగురితో ఒక గదిలో ఉండే మనిషికి ఆ మాట వెంటనే అర్థం కాలేదు. అయినా "సరే, పో" అన్నాడు.

పొద్దున్నే ట్రేలన్నీ కారేదాకా తడిపి, ఆవకాయ వేసి అన్నం కట్టుకుని, ఊరి అవతల ఉన్న కాంతమ్మ చేనుకు నడిచి పోయింది. కూర వండుకోలేదు. కూర తీసుకుపోతే పంచుకోవడానికి వచ్చినట్టు ఉంటుంది, వాళ్లు పంచుకోకపోతే మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

గుంపు అప్పటికే మునుం పట్టింది. ఆమెను చూసి అందరి చేతులూ ఆగాయి.

"ఏంది స్వరూపమ్మా, గిట్ల వచ్చినవ్?" అంది కాంతమ్మ.

"బదులు తీర్సనీకి."

"నీ బదులు ఎప్పుడో తీరె. మనిషిని పంపినవ్ గద."

"నేను రాలే గద అత్తా."

కాంతమ్మ మళ్లీ పల్లి చెట్ల మీదికి వంగింది. పో అనలేదు, రా అనలేదు. స్వరూప గట్టు పక్కన మిగిలిన పట్టీ పట్టుకుని వంగింది. చెట్టును కుదురులో పట్టి పీకాలి, మన్ను దులపాలి, కాయలు పైకి వచ్చేలా పక్కన కుప్ప వేయాలి. నర్సరీలో చేతులు మెత్తబడ్డాయి. కాసేపటికే అరచేతులు బొబ్బలెక్కాయి. చూస్తుండగానే గుంపు ముందుకు పోయింది. వాళ్ల మాటలు, నవ్వులు వినిపిస్తున్నాయి కానీ ఏం మాట్లాడుకుంటున్నారో అందడం లేదు.

పొద్దు నెత్తి మీదికి వచ్చేసరికి అందరి మునుం అయిపోయింది. స్వరూపది సగం ఉంది. ఆమె తల ఎత్తి పట్టీ అవతలి చివర చూసింది. ఎవరూ ఎదురు రాలేదు. అందరూ వేపచెట్టు కిందికి పోయి సద్దులు విప్పుకున్నారు. నర్సరీలో నారుకు నీళ్లు కొట్టే వేళ అది. ఇక్కడ ఎవరికీ కాకుండా, అక్కడ నారుకూ కాకుండా పోయానని అనిపించి ఆమెకు ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే పీకింది. ఆ సగం మునుం ఆమే చివరిదాకా పీకింది.

చెట్టు కిందికి వచ్చేసరికి గుంపు తిని, పక్క పట్టీలు పట్టుకుంది. నీడలో ఆమె టిఫిను ఒక్కటే ఉంది. కాదు, దాని పక్కన ఇంకోటి ఉంది. మోదుగాకు కప్పిన మూత. ఆకు తీస్తే పల్లిపొడి వేసిన వంకాయ కూర. అంచు దగ్గర సొట్ట చూసి అది కాంతమ్మ సద్దిమూత అని గుర్తుపట్టింది. ఆ సొట్ట ఒకప్పుడు స్వరూప చేయి జారి పడ్డదే.

ఒక్కతే కూర్చుని తిన్నది. పక్కన ఎవరూ లేరు, మాటా లేదు. అయినా ఆ పూట ఫోన్ తీయలేదు.

సాయంత్రం ఆటో వచ్చింది. స్వరూప మూత కడిగి కాంతమ్మకు ఇవ్వబోయింది. కాంతమ్మ ఆటోలో కూర్చుని చేతులు కట్టుకుంది.

"ఉత్త మూత నేనేం జేస్కోవాలె? ఇంట్ల మూతలు లేవా నాకు?"

స్వరూప మూతను తన టిఫిను మీద పెట్టుకుంది.

"ఇంకా సగం చేను ఉన్నది" అంది కాంతమ్మ, ఎటో చూస్తూ. హెప్సిబా జరిగి చోటు చేయబోయింది కానీ, నారు బండి వచ్చే వేళ అయిందని స్వరూప అడ్డదారిన నర్సరీకి పరుగెత్తింది.

పడమటి వైపు వరుస మొత్తం తల వాల్చేసింది. గద్వాల బండి మనిషి ఆ ట్రేలు వద్దని, మిగతావి ఎక్కించుకుని పోయాడు. స్వరూప వాడిన నారు మీద నీళ్లు కొట్టింది. కొన్ని లేస్తాయి, కొన్ని లేవవు. రేపు కూడా పోతే ఇంకో వరుస పోవచ్చు. ఆ తర్వాత రోజూ పోవడం కుదరదు. చేను ముగిశాక మళ్లీ ఈ నెట్ కింద తనొక్కతే ఉంటుంది. అదంతా ఆమెకు తెలుసు.

చీకటి పడకముందే నర్సరీ గట్టు మీద ఉన్న పుంటికూర తెంపుకుని ఇంటికి పోయింది. పొయ్యి మీద పెట్టి, ఎప్పటిలాగే చేతికి వచ్చినంత ఉప్పు వేసింది. ఉడికాక రుచి చూసింది. ఉప్పు ఎక్కువైంది, హెప్సిబా మాట పడాల్సినంత. తగ్గించడానికి ఏమీ చేయకుండా, తెల్లారి కూర వేసి పట్టుకుపోవడానికి కాంతమ్మత్త మూత తీసి పక్కన పెట్టుకుంది.